పారిపోయినవాళ్ళను తిప్పి పంపమన్న అధ్యక్షుడు

ఒమాన్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మబేలాలో మా సంఘం ఆరాధన ఆ రోజే జరిగేది. పిల్లల సండే స్కూలూ శుక్రవారమే, పేరు మాత్రం మారలేదు. అక్కడ పాఠం చెప్పేది నేనే. అమెరికాలో మొదటిసారి ఒక నల్లజాతి మనిషి అధ్యక్షుడిగా గెలిచిన రోజులవి. బానిసలను విడిపించిన పాత అధ్యక్షుడి గురించి పిల్లలకు చెప్పమన్నారు అయ్యగారు. మా కాపరిని అందరం అలాగే పిలిచేవాళ్ళం.

ఆ అధ్యక్షుడు మోషేలాంటివాడని చిన్నప్పటినుంచీ నా నమ్మకం. పాఠం కోసం చదువుతుంటే ఆ నమ్మకం కదిలింది. బానిసత్వం తప్పని ఆయన మొదటినుంచీ అన్న మాట నిజమే. కానీ పారిపోయినవాళ్ళను యజమానులకు అప్పగించే చట్టాన్ని పాటించాల్సిందే అన్నాడట. విడుదలైనవాళ్ళు వేరే దేశానికి వెళ్ళిపోతే మేలన్నాడట. అంతర్యుద్ధం మొదలయ్యాక కూడా ముందు దేశం నిలవాలి, బానిసల సంగతి తర్వాత అన్నాడట. విడుదల ప్రకటన ఆ తర్వాతే వచ్చింది, అదీ తిరగబడ్డ రాష్ట్రాల వరకే. చివరికి దేశమంతటా బానిసత్వం పోవాలని పట్టుబట్టాడు, నల్లవాళ్ళలో కొందరికైనా ఓటు ఉండాలన్నాడు. దేవుడు వాడుకున్న మనిషికి ఇంత కాలం ఎందుకు పట్టిందో నాకు మింగుడు పడలేదు.

ఆ శుక్రవారం ఆరాధన అయ్యాక ఒకామె చెప్పులు విడిచినచోటే నిలబడిపోయింది. కడప జిల్లా మనిషి, పక్కనే ఉన్న సీబ్‌లో ఒక విల్లాలో ఇంటిపని. చెత్త పారేయడానికని గేటు దాటి, అలాగే టాక్సీ ఎక్కి వచ్చేసింది.

"ఎంబసీ కాడ దింపండి అయ్యగారూ. ఆ ఇంటికి మాత్రం నన్ను పంపొద్దు."

అయ్యగారు తలుపు వేసి వచ్చారు. "ఇంకా ఎవరూ చూసి ఉండరు. నేనే తీసుకెళ్ళి మీ మేడమ్‌తో మంచిగా మాట్లాడతాను. తప్పు వాళ్ళదే కావచ్చు. కానీ యజమానిని వదిలి పారిపోకూడదని ఇక్కడ చట్టం ఉందమ్మా."

చదివి నేను ఇంకా తేరుకోని మాట మా కాపరి నోటనే విన్నాను.

"పారిపోయి వచ్చిన దాసుణ్ణి అప్పగించకూడదని ధర్మశాస్త్రంలో ఉంది కదండీ," అన్నాను.

"అది ఇశ్రాయేలీయులకు. మనం వీసా మీదున్నాం. రేపు ఈ హాలు మూయిస్తే ఇంతమంది ఎక్కడ ప్రార్థన చేసుకుంటారు?"

ఆయన భయం అబద్ధం కాదు.

అయ్యగారి భార్య ఆమెకు టీ ఇచ్చి పేరడిగింది. ఆమె తడుముకుంది.

"ఆ ఇంట్లో నాకంటే ముందున్న పిల్ల పేరుతోనే నన్ను పిలుస్తారమ్మా. ఆ పిల్ల పాయ, పేరు నాకిడిసి పాయ." నవ్వబోయింది. "మేడమ్ చెల్లెలికి కాన్పయితే నన్ను ఆడికి పంపిచ్చిరి. ఆన్నుంచి వాళ్ళత్తింటికి. యాడికి పోతాండానో నాకు జెప్పరు, డ్రైవర్‌కి జెప్తారు."

"బాప్తిస్మం తీసుకున్నావా?" అన్నారు అయ్యగారు.

"ఊర్లో తీసుకున్యా. ఆ పేరుతో నన్ను పిలిచినోళ్ళు ఈ దేశంలో లేరయ్యా."

ఆయన ఆ పేరు అడిగి, బాప్తిస్మమిచ్చేటప్పుడు పలికినట్టే ఒకసారి పైకి పలికారు. కారు తాళాలు తీసి, "ఎంబసీకే వెళ్దాం" అన్నారు.

కానీ కారును ఎంబసీ గేటు దాకా తీసుకెళ్ళలేదు, ఒక వీధి ఇవతలే ఆపేశారు. నేనూ ఆయన భార్యా ఆమెకు చెరోవైపు నడిచాం. కాపలా మనిషి లోపలికి ఫోన్ చేసి తలుపు తీశాడు. వెనక్కి చూస్తే అయ్యగారు స్టీరింగ్ పట్టుకుని తల వంచుకుని ఉన్నారు, ప్రార్థిస్తున్నారో భయపడుతున్నారో తెలియలేదు. ఆరోజు ఆయన అంతవరకే రాగలిగారు.