శ్రీజ కొలిచిన వీధి

ప్లానింగ్ చదువు పూర్తిచేసి బరంపురం తిరిగొచ్చాక శ్రీజ రెండు ఇంటర్వ్యూలకు వెళ్లింది. రెండింట్లోనూ మాట తడబడింది. మూడోది టౌన్ ప్లానర్ ఉద్యోగానికి. కాలేజీలో ఆమెకు సీనియర్ అయిన సుధీంద్ర ఇలాంటి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడే. ఫోన్లో ఒక సలహా ఇచ్చాడు.

"పుస్తకంలోది అడగరు. మీ ఊళ్లో ఏదో ఒక వీధి చెప్పమని, దాన్నేం చేస్తావంటారు. ఒక్క వీధిని బాగా చూసుకుని వెళ్లు."

వాళ్లుండే హల్దియాపదర్‌ కాలనీలో అంతగా చూడాల్సిందేమీ కనబడలేదు. అందుకని గోసాని నువాగాం పేటలో ఒక పాత సందుకు వెళ్లింది. రెండు పక్కలా కొట్లు, ఆటో వస్తే సైకిలు ఆగాల్సిందే. గుమ్మాల మెట్లు కాలువ మీదికి ఎంత ముందుకొచ్చాయో టేపుతో కొలుచుకుంటూ ఒక పసుపు కుంకుమల కొట్టు దగ్గరికొచ్చింది. అది పద్మావతిది. మామగారి నాటి వ్యాపారం. భర్త పోయాక ఆవిడే నడుపుకొస్తోంది. ఎండలో నిలబడ్డ పిల్లను చూసి మంచినీళ్లిచ్చింది.

"ఏటమ్మా, కొలతలు తీస్తన్నావు? రోడ్డు ఎడల్పు సేస్తారేటి?"

శ్రీజ కొన్నాళ్లుగా అద్దం ముందు నిలబడి అధికారిలా మాట్లాడడం అలవాటు చేసుకుంటోంది. ఆ ప్రశ్నకి అదే గొంతు వచ్చేసింది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేం మామ్మగారూ. పరిశీలించాలి."

"మా కొట్టు పోద్దేటి?"

"అన్నీ చూశాకే నిర్ణయిస్తారు."

పద్మావతి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది. పక్క కొట్లవాళ్లు "మేడం" అంటూ తప్పుకుని దారిచ్చారు. రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చిన పిల్లకి ఆ పిలుపు హాయిగా అనిపించింది. ఇదంతా తన ఇంటర్వ్యూ కోసమేనని చెబుదామనుకుంటూనే ఆటో ఎక్కేసింది.

సుధీంద్ర అన్నట్టే అడిగారు. శ్రీజ ఆ సందు గురించే చెప్పింది. వెడల్పు చేయనక్కర్లేదు, కాలువ బాగుచేసి పగటిపూట పెద్ద బళ్లను రానివ్వకపోతే చాలు, కొట్లు ఉన్నచోటే ఉండొచ్చు అంది. ఎక్కడా తడబడలేదు. రెండు నెలలకి ఉద్యోగం వచ్చింది.

మిఠాయి పట్టుకుని ఆ సందుకు వెళ్లేసరికి పద్మావతి కొట్టుకి కొత్త షట్టరు బిగిస్తున్నారు. ఆదినారాయణ అనే హోల్‌సేల్ వ్యాపారి దాన్ని సరుకు దించుకోవడానికి కొనుక్కున్నాడట. ఆయన అక్కడే ఉన్నాడు.

"రోడ్డులో పోతాదని బెంగెట్టీసుకుని, వచ్చినకాడికి ఇచ్చీసి ఎల్లిపోయింది ఆయమ్మ" అన్నాడు.

"రోడ్డు వెడల్పు చేసేదేమీ లేదండీ. నా వల్ల పుట్టిన మాట అది. ఆవిడ కొట్టు ఆవిడకి ఇచ్చేయండి."

"నేనేటి బలవంతం సేసేనా తల్లీ? కొనుక్కోమని ఆవిడే వచ్చింది. రిజిస్ట్రేషన్ కూడా అయిపోనాది."

పక్క కొట్టువాళ్లని అడిగి శ్రీజ పద్మావతిని వెతుక్కుంటూ వెళ్లింది. ఆవిడ ఉంటున్న అన్న కొడుకు ఇల్లు హల్దియాపదర్‌లోనే. మేడ మీద గదిలో కూర్చుని ఉంది. శ్రీజ జరిగిందంతా చెప్పింది.

"నేను అడిగేను కదమ్మా" అంది పద్మావతి. "తెలీదని ఒక్క మాట సెప్తే సరిపోయీది."

"తప్పయిపోయింది మామ్మగారూ."

"ఉద్యోగం వచ్చిందన్నమాట. మంచిదే."

మిఠాయి తీసుకుని బల్ల మీద పెట్టింది. విప్పలేదు.

ఉద్యోగంలో చేరాక ఏ వీధికి వెళ్లినా, ఎందుకొచ్చిందో ముందు అక్కడివాళ్లకి చెప్పాకే శ్రీజ పని మొదలుపెడుతోంది. సెలవురోజుల్లో పద్మావతిని చూసొస్తుంది. ఆవిడ నిష్ఠూరమాడదు. ఊళ్లో సంగతులు అడుగుతుంది, కొట్టు మాట తప్ప. ఒక్కసారి మాత్రం వీధిలోకి చూస్తూ, "పొద్దుగూకితే ఇక్కడ పలకరించీవోళ్లు లేరమ్మా. కొట్టుంటే ఎవులో ఒకరు వచ్చీవోరు" అంది.

శ్రీజ ఆ రోజు పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.