వెనక సీటు మనిషి

బేకరీలో ఆమెను అందరూ పొయ్యక్క అనేవారు. పెళ్లికి ముందు నుంచీ ఆమె పని పెద్ద పొయ్యి దగ్గరే. రొట్టె కాలిందో లేదో తలుపు తీయకుండానే వాసన పట్టి చెప్పేసేది. లిఫ్టులు బాగుచేసే భర్త రోజూ పొద్దున్నే బండి మీద తీసుకొచ్చి, ఆమెను గేటు దగ్గర దింపి తన పనికి వెళ్లేవాడు.

వెనక కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాలని చట్టం వచ్చినప్పుడు, ఆయన ఆమెకోసం ఒకటి కొనుక్కొచ్చాడు. వారం తిరక్కుండానే ఆమె దాన్ని అటకెక్కించింది.

"పొద్దస్తమానం పొయ్యి సెగకి ఉడుకుతూనే ఉన్నాను. దారిలో కూడా ఈ గిన్నె బోర్లించుకుని ఉడకాలా? అయినా పోలీసులు ఆపేది ముందున్నవాళ్లనే కదా!"

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు.

వాన వెలిసిన ఒక ఉదయం, పక్క సందులోంచి సరుకుల వ్యాను కన్నూమిన్నూ కానకుండా దూసుకొచ్చి వాళ్ల బండిని గుద్దింది. ఆయనకు మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. ఆమె తల వెళ్లి డివైడరుకు కొట్టుకుంది. ఆసుపత్రిలో కళ్లు తెరిచాక మాట వచ్చింది, మెల్లగా నడకా వచ్చింది. వాసన మాత్రం రాలేదు.

"ముక్కు నుంచి మెదడుకి వెళ్లే సన్నటి నరాలు తెగిపోయాయమ్మా. మళ్లీ వస్తుందని నీకు ఆశ పెట్టలేను," అన్నాడు డాక్టరు.

బతికి బట్టకట్టాను, అదే చాలనుకుంది ఆమె. మళ్లీ పనిలో చేరిన కొత్తలోనే పొయ్యి నిండా రొట్టెలు మాడి బొగ్గయ్యాయి. పొగకు కళ్లు మండేదాకా ఆమెకు తెలియనే లేదు. యజమాని పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. జీతం తగ్గించాడు.

వ్యానుకు ఇన్సూరెన్సు ఇచ్చిన కంపెనీ మీద పరిహారం కోసం కేసు వేశారు. ఆమె తరఫు లాయరు గొంతు తగ్గించి చెప్పాడు: "హెల్మెట్ పెట్టుకున్నాను, పట్టీ తెగి ఎగిరిపోయిందని చెప్పమ్మా. దెబ్బ తగిలింది తలకి. పెట్టుకోలేదంటే నీ తప్పు కూడా ఉందని పరిహారంలో కోత పెడతారు."

"అబద్ధాలాడటం నాకు చేతకాదండీ," అంది ఆమె.

కోర్టులో ముందు భర్తను పిలిచారు. "మీరు హెల్మెట్ పెట్టుకున్నారు కదా. ఆవిడకెందుకు లేదు?" అని అడిగాడు కంపెనీ లాయరు.

ఆయన బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. "నేనే కొనలేదండీ. తను అడుగుతూనే ఉంది. ఇదిగో, అదిగో అంటూ నేనే నాన్చాను."

ఆమె వంతు వచ్చినప్పుడు ఆ లాయరు, "మీ ఆయన చెప్పింది నిజమేనా?" అన్నాడు. ఊఁ అంటే సరిపోయేది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

"కాదండీ. ఆయన కొన్నారు. నేనే పెట్టుకోలేదు."

అబద్ధం చెప్పినందుకు జడ్జి భర్తను నిలబెట్టి చెడామడా తిట్టారు. తీర్పు రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. గుద్దిన తప్పు వ్యాను డ్రైవరుదే. కానీ హెల్మెట్ ఉంటే తలకు అంత దెబ్బ తగిలేది కాదు కాబట్టి, పరిహారంలో నాలుగో వంతు కోత.

బోనులోంచి దిగివచ్చిన ఆ రోజు, బస్టాపులో ఆమె ఆయన్ని నిలదీసింది.

"ప్రమాణం చేసి మరీ అబద్ధమాడతారా? ఎందుకు?"

"అంతమందిలో నీదే తప్పని నీ నోటితోనే అనిపిస్తారని తెలుసు. నేను వినలేననుకున్నాను." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు, "నువ్వు హెల్మెట్ అటకెక్కించినప్పుడే నీతో గట్టిగా పోట్లాడి ఉండాల్సింది."

"పోట్లాడితే మాత్రం వినేదాన్నా?"

"వినేదానివి కాదులే. అయినా పోట్లాడాల్సింది."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు వస్తే ఎక్కకుండా వదిలేశారు.

ఇప్పుడు పని నుంచి రాగానే ఆయన చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి వెళ్తాడు. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూస్తాడు. వంగి, ఒకటికి రెండుసార్లు వాసన పీలుస్తాడు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడేమీ అనదు. ఆయన బయటికి వచ్చేదాకా గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది.