కిటికీకి అడ్డం పెట్టిన బాకు

సానాయన దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. దర్జీల కత్తెరలు, హోటళ్ళ వంటకత్తులు, తోటమాలుల కొడవళ్ళు, ఏది మొద్దుబారినా జనం ఆయన దగ్గరికే తెస్తారు. అది బతుకుతెరువు. ఆయన ప్రాణం మాత్రం వెనక గదిలో, ఇనుప బీరువాలో ఉంది. నూనె గుడ్డల్లో చుట్టిన పదకొండు పాత కత్తులూ బాకులూ. ముప్పై ఏళ్ళు పాత సామాన్ల కొట్లూ వేలం పాటలూ తిరిగితే దక్కినవి పదకొండంటే పదకొండే.

ఆయనకి పుస్తకాల చదువు లేదు. ఉన్నదంతా చేతి చదువు. పాత తుప్పు కాఫీపొడి రంగులో గట్టిగా అంటుకుని ఉంటుందనీ, ఉప్పునీళ్ళలో నానేసి పుట్టించిన తుప్పు వేలికి ఎర్రగా అంటుతుందనీ ఆయన వేళ్ళకి తెలుసు. పిడిలో పోసిన లక్కని కాస్త వెచ్చచేసి వాసన చూసి, ఇది తాతల నాటిదా, నిన్న మొన్నటిదా చెప్పేవాడు. మేలిరకం పాత ఉక్కులో గాలికి కదిలిన నీళ్ళలా సన్నని చారలుంటాయి. యాసిడ్‌తో పైపైన గీసిన చారలైతే నాలుగుసార్లు రుద్దితే పోతాయి. అసలువైతే చేత్తో ఎంత రుద్దినా మళ్ళీ పైకి తేలతాయి. ఈ విషయంలో ఆయన మాటకి తిరుగులేదని ఊళ్ళో పేరు.

అలాంటి మనిషికి తోడల్లుడి రూపంలో శని పట్టింది.

తోడల్లుడంటే సానాయన భార్య చెల్లెలి మొగుడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. కూర్చోబెడితే గోడ చేత కూడా మాట్లాడించగల మనిషి. ఈ కత్తుల పిచ్చి అతనికి అంటించింది సానాయనే. ఒక ఆదివారం భోజనాలయ్యాక బీరువా తలుపు తీసి, ఒక్కోటీ చేతికిచ్చి, గంటసేపు పాఠం చెప్పాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఏజెంటు పనే ఇంటింటికీ తిరగడం. పాలసీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ, "మీ తాతగారి కాలం నాటి ఇనుప సామానేమైనా ఉందా పిన్నిగారూ?" అని అడిగేవాడు. పిన్నిగార్లు అటక మీద నుంచి దింపి మరీ చేతిలో పెట్టేవారు. మూడేళ్ళలో ఇరవై ఆరు పోగేశాడు. వాటిలో సగం చెత్త. ఆ మాట సానాయన సంతోషంగా పదిమందికీ చెప్పుకున్నాడు. మిగతా సగం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అందులో నాలుగు తన పదకొండింటినీ తలదన్నేవి.

ఏజెంటు వచ్చి వెళ్ళిన రోజు సానాయనకి అన్నం సయించేది కాదు.

"మరిదిగారు మళ్ళీ ఏదో తెచ్చారా?" అని అడిగేది భార్య.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? చేదుమాత్ర మింగినట్టుంది మీ మొహం."

ఇంతలో మ్యూజియం వాళ్ళు ఊరివాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పాత ఆయుధాలతో ప్రదర్శన పెట్టదలిచారు. అక్కడి పెద్ద ఉద్యోగిని, అందరూ మేడమ్ అనే ఆవిడ, ఏజెంటు దగ్గర పాలసీ తీసుకున్న మనిషే. పన్నెండు తెమ్మని అతనికి చెప్పింది. ఏజెంటు ఆ సంగతి చెప్పడానికి సంబరంగా దుకాణానికి వచ్చాడు.

"నీ పేరూ చెప్పానన్నయ్యా. మీ అన్నయ్య దగ్గర కూడా ఒకటో రెండో ఉంటే తీసుకురమ్మన్నారు."

ఒకటో రెండో! సానాయన చేతిలోని కత్తెర పక్కన పెట్టి, "చూద్దాంలే" అన్నాడు. ఆ ఒకటో రెండో అన్న మాట చెప్పులో రాయిలా వారం రోజులు గుచ్చుతూనే ఉంది.

ఆ వారం చివర, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఏజెంటు సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. విప్పితే జానెడున్నర బాకు. మొన నుంచి పిడి దాకా ఆకుపచ్చ పెయింటు.

"కుట్టుమిషనావిడ ఇంట్లో దొరికిందన్నయ్యా. జల్లు కొడుతుంటే కిటికీ వేద్దామని లేచాను. రెక్క కదల్లేదు. వంగి చూస్తే కింద ఇది దూర్చి ఉంది. వాళ్ళాయన బతికున్న రోజుల్లో పెట్టాడట. కిటికీకి రంగు వేసినప్పుడల్లా దీనికీ వేసేశారు."

మోకాళ్ళ నొప్పులతో నడవలేని ఆ ముసలావిడ కత్తెరలకి పదును పెట్టడానికి నెలనెలా ఆమె ఇంటికి వెళ్ళేది సానాయనే. పన్నెండేళ్ళుగా వెళ్తున్నాడు. ఆ కిటికీ పక్కనే స్టూలు మీద కూర్చుని ఆకురాయి పట్టుకునేవాడు. వెలుతురు బాగా వస్తుందని ఆ చోటే ఎంచుకున్నాడు!

బాకుని వెలుతురులోకి తీసుకెళ్ళి, పెయింటు పెచ్చు ఒకటి గోటితో లేపాడు. కింద అగ్గిపుల్లంత మేర ఉక్కు కనబడింది. భూతద్దం పెట్టాడు. సన్నని చారలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్న అలలు. ముప్పై ఏళ్ళుగా ఆయన వెతికింది ఇదే.

"ఏమంటావన్నయ్యా?" ఏజెంటు ఆత్రంగా అడిగాడు. "పనికొచ్చేదైతే మ్యూజియంలో పెట్టించి, పక్కన వాళ్ళాయన పేరు రాయిస్తానని ఆవిడకి మాటిచ్చాను."

సానాయన భూతద్దం దించాడు.

"కొత్తదే. యాసిడ్ చారలు. పాతికేళ్ళ కిందట ఇలాంటివి బొమ్మల కొట్లో కూడా అమ్మేవాళ్ళు."

నోటి నుంచి ఆ మాట ఇంత నున్నగా జారుతుందని ఆయనకే తెలీదు. ఏజెంటు మొహం వాడిపోయింది. ఎదురు ప్రశ్న కూడా వెయ్యలేదు.

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అన్నాడు. "పోనీలే, ఆవిడకే తిరిగిచ్చేస్తా. ఇలా పెయింటుతో ఇవ్వడం బాగోదు. నీ సాన మీద పెట్టి తళతళలాడేట్టు చేసివ్వన్నయ్యా. పాపం, సంతోషపడుతుంది."

బాకుని బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున సానాయన దుకాణం తీస్తూనే మోటారు వేశాడు. ఒక్కసారి చక్రం మీద నడిపితే ఆ చారలు అణిగిపోతాయి, అంచులు అరుగుతాయి, ఇక మ్యూజియం వాళ్ళు కూడా ఇదేమిటో తేల్చలేరు. అబద్ధం నిజమైపోతుంది. తనకి దక్కనిది వాడికీ దక్కకూడదు. అంతే ఆయన మనసులో ఉన్నది. దాన్ని ఇంకో పేరుతో పిలుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

మొన దగ్గర చక్రానికి ఆనించాడు. ఆకుపచ్చ పెచ్చులు ఎగిరాయి, తర్వాత నిప్పురవ్వలు. కసికొద్దీ అదిమి పట్టాడు. మధ్యమధ్యలో నీళ్ళలో ముంచాలన్న సంగతే మరిచిపోయాడు. కమురు వాసన తగిలి తీసి చూసేసరికి బొటనవేలంత మేర ఉక్కు నీలం తిరిగి ఉంది.

ఉక్కు కాలి నీలం తిరగడమంటే పనివాడికి తలవంపు. కొత్తగా పని నేర్చుకునేవాడు చేసినా చెంప పగలాల్సిన తప్పు. నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతిలో ఏ వంటకత్తీ నీలం తిరగలేదు. మోటారు ఆపేశాడు. తోడల్లుడి మీద జాలి పుట్టి కాదు, మంచితనం పొంగుకొచ్చి కాదు. అంత గొప్ప పనివాడెవడో చేసిన వస్తువు తన చేతిలో చెడింది. అది ఆయనకి మింగుడు పడలేదు.

ఆ రోజు కత్తెరలు తెచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాడు. పెయింటు నానబెట్టి, వెదురు చీలికతో గీకాడు. నూనెలో మెత్తని రాతిపొడి కలిపి, చక్రం జోలికి పోకుండా చేత్తోనే రుద్దాడు. అయిదు రోజులు పట్టింది. పలచని యాసిడ్ నీళ్ళు పూసి తుడవగానే చారలు ఒక్కొక్కటే పైకి లేచాయి. పిడి మొదట్లో సన్నని బంగారు తీగతో పొదిగిన ఆకులు బయటపడ్డాయి. మొన దగ్గర మాత్రం బొటనవేలంత చోటు గుడ్డికన్నులా మిగిలిపోయింది. అక్కడ ఎంత రుద్దినా చారలు రాలేదు. ఉక్కు లోపలి దాకా కాలిపోయింది.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య దాన్ని చూసి నిలబడిపోయింది.

"ఎవరిదండీ ఇది?"

ఆయన జరిగింది దాచకుండా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. కారియర్ విప్పి, గిన్నెలు సర్ది, "భోంచేసి వెళ్ళి మరిదిగారికి చెప్పండి. నేనైతే చెప్పను, మా చెల్లెలి మొహం ఎలా చూడను?" అంది.

ఏజెంటు ఇంట్లో మరదలు మంచినీళ్ళిచ్చి, "ఈ వేళప్పుడు వచ్చారేంటి బావగారూ?" అంటూ పక్కనే నిలబడింది. సానాయన బాకుని ఒళ్ళో పెట్టుకుని మొత్తం చెప్పాడు. మొదట ఏజెంటు వేళాకోళమనుకుని నవ్వాడు. తర్వాత గుడ్డ విప్పి చూశాడు. నీలం మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"నాకు కావాలి తమ్ముడూ అని ఒక్క మాట అంటే ఇచ్చేసేవాణ్ణి కదన్నయ్యా."

"అందుకే అడగలేదు" అన్నాడు సానాయన. "నువ్విస్తే నేను పుచ్చుకోవాలి. అది నావల్ల కాదు."

ఏజెంటు బాకు తీసుకుని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మరదలు ఖాళీ గ్లాసు తీసుకుని, "మీరు వెళ్ళిరండి బావగారూ" అంది. ఆ గొంతులో ఎప్పటి చనువు లేదు.

ప్రదర్శనకి సానాయన తన కత్తులేవీ ఇవ్వలేదు. చూడ్డానికి మాత్రం వెళ్ళాడు. బాకు హాలు మధ్యలో అద్దాల పెట్టెలో ఉంది. పక్కన అట్ట మీద కుట్టుమిషనావిడ భర్త పేరు. జనమంతా అక్కడే మూగారు. వాళ్ళు "అబ్బ!" అన్నప్పుడల్లా సానాయనకి ఒళ్ళు భగ్గుమంది. తప్పు ఒప్పుకుంటే ఈ మంట చల్లారుతుందనుకున్నాడు. చల్లారలేదు.

మేడమ్ మొన వైపు చూపించి, "ఇక్కడేమైంది?" అని ఏజెంటుని అడిగింది.

"సాన రాయి తగిలిందండీ" అన్నాడు ఏజెంటు. ఎవరి సాన రాయో చెప్పలేదు. సానాయన ఉన్న వైపు చూడనూ లేదు.

కుట్టుమిషనావిడని ఆటోలో తీసుకొచ్చి పెట్టె ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆవిడ మొగుడి పేరు రెండుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుని, తలెత్తి సానాయనని గుర్తుపట్టింది.

"నెలనెలా ఆ కిటికీ దగ్గరే కూర్చునేవారు కదా బాబూ. మీకెప్పుడూ కనబడలేదా?"

"లేదమ్మా" అన్నాడాయన. "కత్తెర వైపే చూసేవాణ్ణి."

రెండు నెలలు అక్కచెల్లెళ్ళ మధ్య ఫోన్లు కూడా లేవు. ఆ తర్వాత ఒక రోజు ఏజెంటు దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు. పేపర్లో చుట్టిన పొడవాటి కత్తి బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు. సానాయన వేలితో తుప్పు రుద్దాడు. ఎర్రగా అంటింది. భూతద్దంలో చూస్తే మిషను గీతలు, దువ్వెన పళ్ళలా సమానంగా ఉన్నాయి.

"కొత్తది. ఏడాది కూడా అయ్యుండదు."

ఏజెంటు కత్తి వైపు కాకుండా ఆయన మొహంలోకి చూశాడు.

"మేడమ్‌కి కూడా ఒకసారి చూపించి వస్తా."

ముప్పై ఏళ్ళలో సానాయన మాట మీద రెండో మాట అడిగినవాడు లేడు. "చూపించు" అన్నాడు, తల దించుకుని.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆవిడా అదే చెప్పిందన్నయ్యా" అన్నాడు. సానాయన టీ తెప్పించాడు. కూతుళ్ళ చదువుల గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నారు.

అప్పటి నుంచీ అదే పద్ధతి. ఇక్కడ చూపిస్తాడు, అక్కడా చూపిస్తాడు. ఆ ఎండాకాలంలో ఒకసారి పిడికి వెండి తాపడమున్న చిన్న బాకు తెచ్చాడు. సానాయన లక్క వెచ్చచేసి వాసన చూశాడు, అంచు మీద వేలు నడిపాడు.

"అసలుదే తమ్ముడూ" అన్నాడు. "చాలా మంచిది. చూస్తుంటే నాకు కడుపు మండిపోతోంది."

ఏజెంటు పగలబడి నవ్వాడు. "మండనీ అన్నయ్యా, మండనీ" అంటూ ఆయన భుజం తట్టాడు. ఆ తర్వాత బాకుని పేపర్లో జాగ్రత్తగా చుట్టుకుని, మ్యూజియం వైపు వెళ్ళే బస్సెక్కాడు.