రెండు హోటళ్ళ మధ్య

సన్నీవేల్‌లో ఉన్న రోజుల్లో మా స్నేహితుల మధ్య ఒక ఆచారం ఉండేది. ఇండియా నుంచి ఎవరి తల్లిదండ్రులు వచ్చినా ముందు పెద్ద ఎర్ర వంతెన చూపించాలి, తరవాత గుడికి తీసుకెళ్ళాలి, ఆఖర్న ఒక లాంగ్ వీకెండ్ చూసుకుని లాస్ వేగస్ తిప్పుకు రావాలి. ఆ పెద్దవాళ్ళకి జూదమంటే గిట్టకపోయినా, సిగరెట్ వాసన పడకపోయినా, మోకాళ్ళు నొప్పులైనా సరే, మొక్కు తీర్చినట్టు తీసుకెళ్ళాల్సిందే. మా అత్తగారు ఆర్నెల్లు ఉందామని వచ్చి రెండో నెల నిండుతుండగానే మా ఆయనకి ఆ ఊపు వచ్చింది.

నేను పుట్టు పిరికిదాన్ని. పెళ్ళి చేసుకుని అమెరికా వచ్చి ఏడాది దాటినా, ఫ్రీవే మీద పక్కనుంచి పెద్ద లారీ పోతే సీటు అంచు గట్టిగా పట్టుకునేదాన్ని. అత్తగారు వచ్చాక నా భయానికి చేతినిండా పని దొరికింది. ఆవిడకి షుగరు. రోజూ పొద్దున టిఫినుకి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. వేసుకున్నాక వేళకి తినకపోతే షుగరు పడిపోతుంది. ఒకసారి విజయవాడలో ఎవరిదో పెళ్ళిలో భోజనాలు ఆలస్యమై, పంక్తిలో కూర్చున్నావిడ కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట. ఆవిడ ఆ సంగతి నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఆ మర్నాడే గ్లూకోజు బిళ్ళలు కొని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

ప్లానంతా మా ఆయనదే. ఆఫీసు నుంచి రాగానే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని హోటళ్ళ సైట్లన్నీ తిరగేసేవారు. చివరికి తేల్చిందేమిటంటే, మొదటి రెండు రాత్రులు ఒక హోటల్లో, శనివారం రాత్రి ఇంకో హోటల్లో. వీకెండ్ వచ్చేసరికి మొదటి దాంట్లో రేటు కొండెక్కుతోందట. పైగా రెండో దాంట్లో కిటికీలోంచి వీధి దీపాలన్నీ కనిపించే గది దొరికిందట. పదకొండింటికి ఒక గది ఖాళీ చేసి, మూడింటికి ఇంకో గదిలోకి వెళ్తే, మధ్యలో ఆవిణ్ణి పెట్టుకుని ఎక్కడ తిరుగుతామని అడిగాను. సామాను కారులో పడేసి హాయిగా తిరుగుదామన్నారు. నేను ప్రతిదానికీ టెన్షన్ పడతానని కూడా అన్నారు. అత్తగారు వంటింట్లోంచే విని, "పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఎందుకురా ఈ తిప్పడం?" అన్నారు. ఆయన నవ్వేసి బుక్ చేసేశారు.

ఎడారి దాటి సాయంత్రానికి చేరాం. మొదటి హోటల్ చూసి అత్తగారు, "లాడ్జి చాలా పెద్దదిరా" అన్నారు. మేమిద్దరం నవ్వుకున్నాం గానీ ఎవరం దిద్దలేదు. గదికి వెళ్ళాలన్నా, బయటికి రావాలన్నా, మంచినీళ్ళ సీసా కొనుక్కోవాలన్నా కింది అంతస్తంతా పరుచుకున్న జూదశాల మధ్యనుంచే నడవాలి. కిటికీ లేదు, గడియారం లేదు. ఎటు చూసినా ఒకే రకం తివాచీ, ఒకే రకం జూదం మిషన్లు, ఒకటే గంటల మోత. పొగ వాసన మీద ఏదో సెంటు కొట్టినట్టు ఒక తియ్యటి కంపు. మూడుసార్లు నడిచినా నాకు దారి పట్టుబడలేదు. నేను ఆవిడ చెయ్యి వదిలేదాన్ని కాదు. ఆవిడకి మాత్రం ఏ బెరుకూ లేదు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మిషన్ ముందు కూర్చున్న ఒక ముసలావిణ్ణి చూసి, పాపం ఇంట్లో ఎవరూ లేరేమో అని ఆగిపోయారు. ఆవిడ అలా ఆగినప్పుడల్లా నేను చెయ్యి పట్టి ముందుకి లాగేదాన్ని.

శనివారం పొద్దున ఇంజక్షన్ అయ్యాక, అద్దాల వంతెన దాటి పక్క భవనంలోని ఫుడ్ కోర్టుకి వెళ్ళాం. అత్తగారు గుడ్డు ముట్టరు. పాన్‌కేకులో గుడ్డుంటుందని తెలిసి పళ్ళెం పక్కకి జరిపేశారు. ఒక ముక్క రొట్టె, చక్కెర లేని కాఫీ, అంతే. ఇంకో ముక్క తినమని బతిమాలాను. మధ్యాహ్నం తొందరగా తిందాంలే అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ మా ఆయన అప్పటికే లేచి, చెకౌట్ టైమ్ అయిపోతోందని తొందర పెడుతున్నారు.

గదికెళ్ళి సామాను తీసుకుని కిందికొచ్చేసరికి లాబీలో కౌంటర్ ముందు కొండవీటి చాంతాడంత లైను. ఊరంతా ఆ పూటే ఖాళీ చేస్తున్నట్టుంది. మా ఆయన ఏదో బిల్లు తేడా ఉంది చూడమని నన్ను లైనులో నిలబెట్టి, సామాను బండీ తోసుకుంటూ తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆవిణ్ణి లాబీలోనే కూర్చోబెట్టి తను కారు తెస్తానని, నా పని అవగానే ఆవిణ్ణి తీసుకుని గుమ్మంలోకి వచ్చెయ్యమని చెప్పారు. ఆవిడ చేతిసంచీ, అందులో బిస్కెట్లు, అన్నీ ఆ బండీ మీదే వెళ్ళాయి. ఆవిడకి సెల్ ఫోన్ లేదు. ఎప్పుడూ మా ఇద్దరిలో ఒకరం పక్కన ఉంటాం కదా అని కొనలేదు.

లైను కదిలి, బిల్లు తేలి, నేను వెనక్కి తిరిగేసరికి చాలాసేపు పట్టింది. లాబీలో కుర్చీలన్నీ చూశాను. ఎవరెవరో ఉన్నారు, అత్తగారు లేరు. అంతలో మా ఆయన ఫోను, కారు గుమ్మంలో పెట్టాను, వెనక వాళ్ళు హారన్ కొడుతున్నారు, అమ్మని తీసుకుని రా అని. అత్తయ్య ఇక్కడ లేరన్నాను. అక్కడే వెతుకు, వస్తున్నా అని ఫోను పెట్టేశారు.

మొదట బాత్‌రూములకి పరుగెత్తాను. ఒక్కో తలుపు ముందు నిలబడి "అత్తయ్యా" అని పిలిచాను. లోపలి నుంచి ఎవరో ఆడది విసుగ్గా ఏదో అంది. తరవాత జూదశాలలో పడ్డాను. గోధుమరంగు చీర, మీద నీలం స్వెట్టరు, కాళ్ళకి తెల్ల బూట్లు. ఆ వేషం ఎక్కడున్నా కనపడాలి. కనపడలేదు. ప్రతి మలుపులోనూ అవే మిషన్లు, అదే తివాచీ. ఆవిడ ఏ మూలనో ఒరిగిపోయి ఉంటే, నిద్రపోతోందనుకుని జనం పక్కనుంచి నడిచిపోతారని తోచింది. ఆ ఊళ్ళో కుర్చీల్లో నిద్రపోయేవాళ్ళకి కొదవ లేదు. ఆ ఆలోచన వచ్చాక కుర్చీల్లో ఒరిగి ఉన్న ప్రతి మొహంలోకీ వంగి చూశాను.

సెక్యూరిటీ అతను దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఇంగ్లీషు వచ్చా, రాదు. మందులేమన్నా, ఇన్సులిన్. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు, చెప్పాను. అతని మొహం మారింది. ఏ హోటల్లో దిగారని అడిగాడు. ఇందాకే ఇది ఖాళీ చేశాం. ఇంకోదాంట్లోకి ఇంకా వెళ్ళలేదు. ఎవరైనా దయగలవాళ్ళు ఆవిణ్ణి చేర్చాలనుకున్నా, చేర్చడానికి ఆ పూట మాకు చోటే లేదు. ఏడుపు ఆగలేదు.

మా ఆయన కారు ఎక్కడ వదిలారో గానీ రొప్పుతూ వచ్చారు. లైనులోంచి ఒక కన్నేసి ఉంచాల్సిందని ఆయన, ఒంటరిగా వదిలి వెళ్ళాల్సింది కాదని నేను. సెక్యూరిటీ అతను అర్థం కాని భాషలో మా పోట్లాట వింటూ నిలబడ్డాడు. చివరికి నేనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎక్కడ కూర్చోబెట్టారో సరిగ్గా చెప్పండి."

"కూర్చోబెట్టలేదు. ఎలివేటర్ దగ్గర చెప్పాను. నేను కార్ తెస్తా, నువ్వు హోటల్‌లోనే కూర్చో, తను వచ్చి పికప్ చేసుకుంటుంది అని. హోటల్‌లోనే అని రెండుసార్లు చెప్పాను."

ఆ మాట నాకు మా అత్తగారి చెవితో వినపడింది. ఆవిడ ఊళ్ళో, మా ఊళ్ళో, హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు. పడుకునేది లాడ్జి. ఆ లాడ్జి గది ఇందాకే ఖాళీ చేసేశాం. ఇక మిగిలిన హోటల్ ఒక్కటే, పొద్దున తిన్నది. ఆయనకి చెప్పేంత ఓపిక లేదు. అద్దాల వంతెన వైపు పరుగెత్తాను. వెనక ఆయన బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పొద్దున కూర్చున్న బల్ల దగ్గరే ఉన్నారు. చుట్టూ జనం పళ్ళేలు ముందేసుకుని తింటున్నారు. ఆవిడ ముందు ఏమీ లేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల నిటారుగా ఉంచాలని చూస్తున్నారు. నుదుటి మీద చెమట, స్వెట్టరు మెడ దగ్గర తడిసిపోయింది. నన్ను చూశారు గానీ పోల్చుకోలేదు. పెదవులు కదిలాయి, మాట ముద్దగా వచ్చింది. గ్లూకోజు బిళ్ళల సీసా మూత ఎంత తిప్పినా నాకు రాలేదు. మా ఆయన పక్క కొట్టు ఫ్రిజ్‌లోంచి నారింజ రసం సీసా లాక్కొచ్చి మూత తీసి నోటికి అందించారు. మొదటి గుక్క సగం చీర మీద పడింది. రెండోది మింగారు.

కాసేపటికి కళ్ళు తేటపడ్డాయి. నన్ను గుర్తుపట్టి, "వచ్చారా" అన్నారు. చేతిలో డబ్బులుంటే ఏదన్నా కొనుక్కుందును, అన్నీ సంచీలోనే ఉండిపోయాయన్నారు. వీడు ఇక్కడే కూర్చోమన్నాడు కదా అని కదల్లేదన్నారు. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చేతులు రుద్దుతున్నారు. హోటల్ అంటే ఆ మొదటి బిల్డింగ్ అమ్మా అని చెప్పబోయి ఆగిపోయారు. తరవాత అన్నంలాంటిది ఏదైనా తెస్తానని మొహం తుడుచుకుంటూ లేచి వెళ్ళారు.

ఆయన లైనులో నిలబడ్డాక అత్తగారు నా చెయ్యి దగ్గరికి లాక్కున్నారు. ఆవిడ వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.

"హోటలంటే ఇక్కడ లాడ్జా అమ్మా?"

అవునన్నాను.

"ఇంకా ఏయే మాటలు మారాయో కాస్త చెప్పి ఉంచు. వాడు మాట్లాడుతుంటే తల ఊపుతున్నానే గానీ, వచ్చిన దగ్గర్నుంచీ సగం నాకు అర్థం కావట్లేదు. తెలుగే కదా, నాకే తెలీట్లేదేమో అనుకున్నా. వాడికి చెప్పకు, బాధపడతాడు."

నాకు భయం మళ్ళీ మొదలైంది. ఇందాకటి భయం కాదు, పరుగెత్తితే తీరేదీ కాదు. రెండు నెలలుగా ఆయన రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఆఫీసు కబుర్లు, ఇంటి ఆలోచనలు, గ్రీన్ కార్డు కష్టాలు చెప్పుకుంటుంటే, అమ్మ అంత శ్రద్ధగా వింటోందని నేను ముచ్చటపడేదాన్ని. చెప్తానన్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

మా ఆయన అన్నం, ఉడికించిన కూరలు ఉన్న ట్రే తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. చెంచా తుడిచి చేతికిచ్చారు.

"అమ్మా, స్లోగా ఫినిష్ చెయ్యి. తరవాత కార్‌లో రెస్ట్ తీసుకో, నేను ఎర్లీ చెకిన్‌కి ట్రై చేస్తా, ఈవినింగ్ నీకు ఓకే అనిపిస్తేనే ప్లాన్ చేద్దాం, లేకపోతే డ్రాప్. సరేనా?"

అత్తగారు కొడుకు మొహంలోకి చూసి, తల ఊపారు.