రత్నం కొట్టు కింది నేల

ఈ ప్రయాణం గురించి అప్పుడే రాసి ఉండాల్సింది. కాని అప్పటికి నాకు అక్షరాలు మాత్రమే వచ్చు, ఒత్తులు రావు. అరవై దాటాక మా పేట రిక్కార్టన్‌లో పిల్లల ఆదివారం తెలుగు బడిలో, వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. రైలు దిగిన ఊరి పేరు గ్రేమౌత్ అని రాయాలన్నా క్రావడి కావాలి. ఇప్పుడు వచ్చింది కనుక రాస్తున్నాను.

పోయిన చలికాలంలో రత్నం ఫోన్ చేసింది. "అక్కా, గురువారం తేల్చి చెబుతారంట. ఒక్కదాన్నే వినలేను, రావా?" అంది.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా రెండు కుటుంబాలూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవి. తరవాత రత్నం, ఆమె భర్త పడమటి తీరాన ఒక చిన్న గని ఊళ్ళో డెయిరీ కొనుక్కున్నారు. పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే వీధి మూల కొట్టు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ కొట్టూ, దాని వెనక రెండు గదులూ. వాటి కింద పాత సొరంగాలున్నాయని, నేల దిగుతోందని గని వాళ్ళు ఏడాదిగా పరీక్షలు చేస్తున్నారు. అక్కడ ఉండొచ్చో లేదో గురువారం చెబుతారు. ఊరి పేరు మాత్రం రాయొద్దని రత్నం అంది.

బుధవారం పొద్దున ఎనిమిది దాటాక గ్రేమౌత్‌కు రైలు. టికెట్ ముందుగా కొంటే చవక. నేను పులిహోర కట్టుకున్నాను. కొండలెక్కేటప్పుడు అద్దాల్లేని పెట్టెలోకి వెళ్ళి నిలబడవచ్చు, శాలువా మరవకండి. పొడవాటి సొరంగం వచ్చేముందు అందరినీ లోపలికి పంపేస్తారు.

ఎదురు సీట్లో వరంగల్ అమ్మాయి, ఇక్కడ చదువుకుంటోంది. "హాలిడేకి పోతున్నరా ఆంటీ?" అని అడిగింది.

"లేదమ్మా. మా రత్నం ఇంటి కింద నేల దిగుతోంది."

"ఎర్త్‌క్వేకా?"

"కాదు, పాత గని. రోజూ కొంచెం కొంచెంగా."

రైలు సొరంగంలోకి దూరింది. కాసేపటికి ఆ పిల్ల, "మరి ఆమెకు నిద్రెట్ల పడ్తది ఆంటీ?" అంది.

ఒంటిగంటకు గ్రేమౌత్. అక్కణ్ణించి బస్సు. చీకటిపడుతుండగా దిగాను. రత్నం తలుపు తీసి, "మెల్లిగా అడుగెయ్యి అక్కా" అంది. పలకరింపు కూడా లేదు.

అన్నం తింటుండగా సంగతి చెప్పింది. పెరట్లో బోరు వేసి, నేలలో ఏ కాస్త అదురు పుట్టినా పసిగట్టే యంత్రం దించారట. రోజూ పొద్దున ఒకే వేళకు అందులో అదుర్లు కనబడుతుంటే హానా అనే ఇంజనీరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చూస్తే రత్నం రోట్లో కారం దంచుతోంది.

"మీరూ గని తవ్వుతున్నారా అని ఒకటే నవ్వు" అంది రత్నం. తాను నవ్వలేదు. ఆ రోజు నుంచి దంచడం మానేసింది. ఇంట్లో మేజోళ్ళతో తిరుగుతోంది. తలుపు గట్టిగా వెయ్యొద్దని కొనడానికి వచ్చేవాళ్ళకు చెబుతోంది.

"పిచ్చా నీకు?" అన్నాను.

"నేను నెమ్మదిగా ఉంటే అదీ నెమ్మదిస్తుందేమో అక్కా."

గురువారం మూడింటికి హానా వచ్చింది. పెరట్లో ట్రేల నిండా రాతి కడ్డీలు పేర్చి ఉన్నాయి. బోరు వేసినప్పుడు నేలలోంచి తీసినవి. ఒక ట్రే సగం ఖాళీ. ఆ లోతున రాయే లేదు, డ్రిల్లు ఒక్కసారిగా కిందికి జారిపోయిందట. అంతవరకూ హానా ఇంగ్లీషు మాటలు నాకు తెలుగులో చెబుతూ వచ్చిన రత్నం అక్కడ ఆగిపోయింది. మిగిలింది నాకే అర్థమైంది. నెలాఖరుకు ఖాళీ చేయాలి.

"నేను దంచడం మానేశాను కదా" అంది రత్నం ఇంగ్లీషులో.

హానా ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ రోకలి వల్ల కాదు, రత్నా. దాని అదుర్లు మేం అప్పుడే లెక్కలోంచి తీసేశాం. గోడలకు బిగించిన చిన్న అద్దాలున్నాయి చూడండి, కొండమీది యంత్రం వాటినే కొలుస్తుంది. అవి దిగుతూనే ఉన్నాయి."

"ఇంకో బోరు వేసి చూడు."

"వేశాం. అక్కడా అంతే."

ఆ సాయంత్రం రత్నం మేజోళ్ళు విప్పేసి, రోలు వంటింటి మధ్యకు లాగింది. "ఇంక దంచుకోవచ్చుగా" అంది. మిరపకాయలు మెత్తగా పొడైపోయాక కూడా దంచుతూనే ఉంది. గిన్నెలు అదిరాయి. నేను ఆపలేదు.

శనివారం అదే దారిన తిరిగి వచ్చాను. మంచుకొండలు చూడదగ్గవే, వెళ్ళేవాళ్ళు తప్పక చూడండి. నాకు మాత్రం దారంతా రత్నమే. తన తప్పేమీ లేదని తెలిసినా ఆమెకు ఊరట కలగలేదు. తప్పు తనదైతే దిద్దుకునేది. తన చేతిలో ఏమీ లేదన్నదే ఆమె తట్టుకోలేకపోయింది.

ఆ గురువారం మర్నాటి సంగతొకటి మిగిలింది. కొట్టు తీసే వేళైనా రత్నం లేవలేదు. ఆరింటికి నేనే కొట్టు తీశాను. మోకాళ్ళదాకా రబ్బరు గమ్‌బూట్లు వేసుకున్న ముసలాయన ఒకడు పాలకు వచ్చాడు.

"రత్నం ఏది?"

"పడుకుంది."

"రేపు నా పేపర్ తీసి ఉంచమను."

ఉంచుతామన్నాను. తరవాత వచ్చినవాళ్ళకు కూడా పాలూ బ్రెడ్డూ అందించాను. ధర తెలియనివాటికి వాళ్ళు చెప్పినంతే తీసుకున్నాను. పది దాటేదాకా రత్నాన్ని లేపలేదు.