మూట అడుగున చెయ్యి

హయాత్ మా వీధివాడే. గుంటూరు శివారులో ఒక ఫార్మసీ కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటాడు. అక్కడి పరిశోధనలో సగం వాడే చేస్తాడు. అచ్చులో మాత్రం ప్రొఫెసర్ల పేర్లే వస్తాయి. నేనైతే ఎప్పుడో గొడవ పెట్టుకునేవాణ్ణి. వాడు నవ్వి ఊరుకుంటాడు.

వాడు చేసేది అల్జీమర్స్‌కు, అదే మతిమరుపు జబ్బుకు, మందు వెతకడం. జబ్బుతో సంబంధమున్న ఒక ప్రోటీన్‌ను తాళం అనుకోండి. కంప్యూటర్ వేల రసాయనాలను తాళంచెవుల్లా ఒక్కొక్కటే అందులో పెట్టి చూసి, ఎంత బాగా పట్టిందో మార్కులు వేస్తుంది.

వాడి తొందరకు కారణం ఇంట్లోనే ఉంది. తల్లి మదార్‌బీ ముప్పై ఏళ్లు మిర్చి కొట్లలో తాలుకాయలు ఏరింది. ఇప్పుడు కొడుకు పేరు గుర్తులేదు గానీ చేతులకు పని గుర్తుంది. రోజూ వాడు రెండు కిలోల ఎండుమిర్చి ఆమె ముందు పోసి వెళ్తాడు. తెల్లబారిన తాలు ఒక గుట్ట, ఎర్రకాయ ఒక గుట్ట చేస్తుంది. సాయంత్రం వాడొచ్చి, ఆమె చూడకుండా రెండూ కలిపేస్తాడు. మా వీధి మొత్తం తుమ్ములే.

పోయిన మార్చిలో ఒక రసాయనానికి ఎన్నడూ రానన్ని మార్కులొచ్చాయి. ఏదో చెట్టు బెరడులో ఉంటుందట. హయాత్ ఆ రసాయనం పొడి ఆన్‌లైన్‌లో తెప్పించేశాడు. ఎలుక మీద కూడా చూడనిది అమ్మకు పట్టిస్తావా అని అడిగాను.

"ఎలుకలు, మనుషులు, అనుమతులు, అన్నీ అయ్యేసరికి పదేళ్లు. మా అమ్మకి పదేళ్లున్నాయేంట్రా?" అన్నాడు.

నేనూ వాడి వెంట వాళ్లింటికి వెళ్లాను.

పాలలో పొడి కలిపి ఆమె పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ ఇచ్చిన జాబితా చూపించి, అన్నిటికన్నా పైనున్నది ఇదే, మేలురకం సరుకు అన్నాడు. మదార్‌బీ ఏరడం ఆపలేదు.

"పైన అందరూ మంచికాయే పోస్తారు నాయనా. మూట అడుగుదాకా చెయ్యి పెట్టి చూశావా?"

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి పోయి, జాబితా అడుగున ఉండాల్సిన తాలును, అంటే ఎందుకూ పనికిరావని ముందే తేలిన రసాయనాలను, అదే తాళంలో పెట్టి చూశాడు. వాటికీ అన్నే మార్కులు. తాళం కన్నం ఎక్కడుందో కంప్యూటర్‌కు చూపించడంలోనే వాడు పొరబడ్డాడు. ఇన్నాళ్లూ తాళంచెవులు గోడకు గుచ్చాడన్నమాట. సరిచేసి మళ్లీ నడిపితే మేలురకం సరుకు రెండువేల చిల్లర స్థానానికి జారింది.

మార్కుల సంగతి విని ప్రొఫెసర్లు అప్పటికే కాలేజీ గేటు మీద 'మతిమరుపుకు మందు మా కాలేజీలోనే' అని ఫ్లెక్సీ కట్టారు. తీసేయమని వాడు బతిమాలాడు. చివరికి గాలే చింపింది.

పొడి కాలవలో పారబోసి, మర్నాడు సాయంత్రం తల్లి ఎదుట కూర్చుని తనూ కాయలు ఏరాడు. మదార్‌బీ వాడి వేళ్లకేసి చూసింది.

"పని తెలిసినవాడిలాగే ఉన్నావు. ఎవరబ్బాయివి? రేపట్నుంచి రా, మేస్త్రీకి చెబుతాను."

"వస్తానమ్మా" అన్నాడు హయాత్.

ఆమె లోపలికి వెళ్లాక రెండు గుట్టలూ కలిపాడు.