తాగాడా, కొడుతూ పడ్డాడా

మిరపచేనికి పురుగుమందు కొట్టడానికి వెళ్ళిన మా ఆయన మధ్యాహ్నానికే తూలుకుంటూ వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. పరిగెత్తుకుంటూ దగ్గరికి వెళితే గుప్పున మందు వాసన.

మందు కొట్టి వచ్చిన మనిషి దగ్గర మందు వాసన రావడంలో వింతేముంది? పంట ఉన్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా అదే వాసన. కానీ ముందురోజు మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆకుముడత వచ్చి చేను పాడైపోతోందని ఆయన ఒకటే దిగులుగా తిరుగుతుంటే, ఆ మొహం చూడలేక నేనే నోరు పారేసుకున్నాను. "నా పీడ విరగడైతే మీరంతా సుఖంగా ఉంటారులే" అని ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. వాకిట్లో నాకు ఆ మాటే గుర్తొచ్చింది. ఆ పురుగుమందే తాగేశాడు అనుకున్నాను.

మా అత్త బిందెడు నీళ్ళు తెచ్చి ఆయన మీద కుమ్మరించింది. "ఎండన పడి కొట్టాడుగా, తల తిరిగుంటుంది. మజ్జిగ తాపి పడుకోబెట్టు" అంది. నేను వినిపించుకోకుండా పక్కింటి ఆటో ఆయన్ని కేకేశాను. అత్త వచ్చి ఆటోకి అడ్డంగా నిలబడింది.

"పేట ఆస్పత్రికా? మతి పోయిందటే నీకు? ఈ వాసనతో తీసుకుపోతే తాగాడంటారు. పోలీసోళ్ళు వస్తారు. ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలమా?"

"మనిషి పోయాక తలెత్తి ఏం చేస్తావ్ అత్తయ్యా! తప్పుకో!"

అప్పటివరకూ ఆవిణ్ణి 'మీరు' అని తప్ప పిలిచి ఎరగను. బిత్తరపోయి పక్కకి జరిగింది.

చిలకలూరిపేట దాకా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది. తిడుతూనే ఉన్నాను, ఏడుస్తూనే ఉన్నాను. "అంత పని చేస్తారా? మేం గుర్తుకు రాలేదా?" అని. ఆయన కళ్ళు తెరవలేదు. హైవే మీద పత్తి లారీల వెనక ఆటో ఆగినప్పుడల్లా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

"తాగాడా, కొడుతూ పడ్డాడా?" అని అడిగింది డాక్టరమ్మ.

"తెలియదండీ" అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

మర్నాడు ఆవిడే పిలిచి చెప్పింది. "తాగలేదమ్మా. కడుపులో మందు లేదు. ఎదురుగాలికి కొట్టినట్టున్నాడు, ఒంట్లోకి ఎక్కేసింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు."

సంతోషపడాల్సింది పోయి వణికిపోయాను. కొడుతూ పడ్డాడని నమ్మి ఉంటే నేనూ మజ్జిగ తాపి పడుకోబెట్టేదాన్నే. ఏటా ఎవరో ఒకరు అలా పడటం, లేవడం మా ఊళ్ళో మామూలే. అనుమానపడ్డాను కాబట్టే ఆటో ఎక్కించాను. అత్తకీ లోపల అదే అనుమానమట, తర్వాత ఒప్పుకుంది. అందుకే కొడుకుని ఇంట్లో దాచిపెట్టాలనుకుంది.

ఆ సాయంత్రం ఆయన మాట్లాడగలిగాడు. నీళ్ళు పట్టమంటాడేమో అనుకుని దగ్గరికి వంగాను.

"ఆటోలో నువ్వన్నవన్నీ వినపడ్డాయి" అన్నాడు. "తాగాననే అనుకున్నావు కదూ?"

"లేదండీ" అన్నాను వెంటనే.

ఆయన నా చేతిలో నుంచి చెయ్యి తీసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.